ఒకే రంగు చదరము

కొక్కెపు సూది ఒకటి, నూలుండ ఒకటి, తీరిక గల చేతులు రెండు, ఇవి యున్నచో చాలును, అల్లికచదరము తయారగునని సాధారణముగ చెప్పుదురు. ఇందులో మొదటి రెండు మాటలు నిజమే. మూడవ మాటను గూర్చి మాత్రము మాకు సందేహము కలదు. ఆ సందేహమే నేటి మా ప్రసంగమునకు కారణము.

ఆంగ్లమున ఈ చదరమునకు 'గ్రానీ స్క్వేర్' అని పేరు. అనగా అమ్మమ్మ చదరము. నడుమ నొక చిన్న ఉంగరము. దాని చుట్టును వరుసవెంబడి వరుసగ నాలుగు మూలలతో పెరుగు అల్లిక. ఇంతకంటె సులభమైన నమూనా కొక్కెపుటల్లికలో మఱియొకటి లేదనవచ్చును. 1885లో అమెరికాలోని 'ప్రెయిరీ ఫార్మర్' అను వ్యవసాయపత్రికలో ఇట్టి చదరము అచ్చయినది. 1897లో ఇంగ్లండునందు వెల్డన్ వారి కుట్టుపని సంచికలలో దీని పద్ధతి మరల ప్రకటితమైనది. ఆ కాలపు ఇల్లాండ్రు మిగిలిపోయిన ఉన్నిముక్కలను పాఱవేయక, ఒక్కొక్క చుట్టునకు ఒక్కొక్క రంగు చొప్పున అల్లి, చదరములను అతికి కంబళ్ళు చేసికొనెడివారు. మన యిండ్లలో పాతచీరలతో బొంత కుట్టుటలో గల పొదుపే అందులోను ఉన్నది. బొంత అందము రంగులలో నున్నది. అల్లిక అందమును పెక్కుమంది రంగులలోనే చూచిరి.

రంగులు తీసివేసి, మొదటి కుట్టు మొదలు చివరి కుట్టు వరకు ఒకే నూలుతో అల్లినచో ఏమగును? చూచువారికి అది వెలవెలబోవు పనివలె తోచవచ్చును. అల్లువారికి మాత్రము అది కఠినపరీక్ష. ఎఱుపు ప్రక్కన పసుపు వచ్చినపుడు కన్ను రంగును చూచునే గాని కుట్టును చూడదు. ఒక కుట్టు బిగిసినను, ఒకటి వదులైనను రంగు దానిని కప్పిపుచ్చును. ఒకే రంగు చదరమున అట్టి చాటు లేదు. అక్కడ కనబడునది కుట్టు, కుట్టునకు కుట్టునకు నడుమ సందు, ఆ రెంటిని సమముగ నుంచిన చేయి. రంగు పోయినపుడు చేయి ఒక్కటే మిగులును.

పద్ధతిని క్లుప్తముగ చెప్పెదము. జాఱుముడి వేసి ఆఱు గొలుసులల్లి, చివరిదానిని మొదటిదానితో కలిపినచో ఉంగరమగును. ఆ ఉంగరములో మూడేసి నిలువు కుట్లు గల గుంపులు నాలుగు వేయవలయును. గుంపునకు గుంపునకు నడుమ మూడు గొలుసులు విడువవలయును. ఆ సందులే నాలుగు మూలలు. రెండవ చుట్టులో ప్రతి మూలసందులోను రెండేసి గుంపులు వేసి, వాని నడుమ మరల మూడు గొలుసులు విడిచినచో మూల నిలుచును. మూడవ చుట్టు మొదలుకొని ప్రక్కసందులలో ఒక్కొక్క గుంపు వచ్చి చేరును. ప్రక్కగుంపుల నడుమ ఒక గొలుసు చాలును. ఇట్లు ప్రతి చుట్టునకు నాలుగు గుంపులు పెరుగుచుండును. నిలువు కుట్టనగా నూలును సూదిపై ఒకసారి చుట్టి, సందులో దూర్చి, నూలును పైకి లాగి, పిమ్మట రెండేసి కన్నుల చొప్పున రెండుసార్లు దాటించుట. ప్రతి చుట్టునందును మొదటి నిలువు కుట్టునకు బదులు మూడు గొలుసులు వేయుదురు.

ఒకే రంగుతో అల్లువారు మూడు సంగతులు గుర్తుంచుకొనవలయును. మొదటిది, నూలు. పనికంతటికిని చాలినంత నూలును ఒక్కసారియే కొనవలయును. చుట్టపై నుండు చీటీలో రంగుసంఖ్యతోపాటు అద్దకపు విడతసంఖ్య కూడ నుండును. ఒకే రంగుసంఖ్య అయినను విడత మారినచో ఛాయ మారును. దుకాణములో తెలియని ఆ భేదము దుప్పటిపై పగటివెలుతురు పడినపుడు తెలియును. రెండవది, చదరము మెలి తిరుగుట. రంగు మార్చువారు ప్రతిసారి నూలు త్రెంపి వేఱొక మూలనుండి మొదలుపెట్టుదురు. ఒకే నూలుతో పోవువారు ఒకే దిశగా అల్లుకొనిపోయినచో చదరము క్రమముగ ఒక ప్రక్కకు ఒఱగును. చుట్టు ముగిసినప్పుడెల్ల పనిని వెనుకకు త్రిప్పి తరువాతి చుట్టు నల్లినచో ఈ దోషము పోవును. మూడవది లాభము. ఎనిమిది చుట్ల చదరమును చుట్టునకొక రంగుతో అల్లినచో 16 నూలుకొనలు మిగులును. వానినన్నింటిని సూదితో లోపల దాచవలయును. ఒకే నూలుతో అల్లినచో మొదటి కొన, చివరి కొన, రెండే.

ఇప్పుడొక లెక్క. ఎనిమిది చుట్ల చదరములో 144 గుంపులు, అనగా 432 నిలువు కుట్లు ఉండును. చంటిబిడ్డ దుప్పటికి అడ్డముగ ఏడు, నిలువుగ తొమ్మిది, మొత్తము 63 చదరములు కావలయును. అప్పుడు కుట్లు 27,216. ఒక్కొక్క కుట్టునకు సూదికొన నూలును నాలుగుసార్లు అందుకొనును. అనగా ఆ చిన్న దుప్పటిలో సూదికొన నూలును లక్షసార్లకు పైగా పట్టి లాగినదన్నమాట. ఈ లెక్క శ్రోతలు మనస్సులో నుంచుకొందురు గాక. దీనితో మరల పని కలదు.

ఈ లెక్క మేము ఊరక వేసినది కాదు. మా పెద్దక్కగారు పోయిన పిమ్మట ఆమె పెట్టెలో గంధపురంగు నూలు చదరములు 52 దొరకినవి. వానితోపాటు ఒక సూది, కొన్ని నూలుండలు, మడతపెట్టిన కాగితముపై ఆమె చేతివ్రాతతో '63' అను అంకె. పుట్టబోవు మనుమరాలి కొఱకని ఆమె ఆ పని ఆరంభించినట్లు మాకు తెలియును. మిగిలినవి పదునొకండు. బాల్యమున ఆమెయే మాకు అల్లిక నేర్పినది. కావున ఆ పదునొకండును మేమే పూర్తిచేయుదుమని అనుకొంటిమి. నూలు అదే, విడత అదే. సూది అదే. నమూనా అదే, కుట్ల లెక్క అదే. నెలదినములు సాయంకాలములయందు కూర్చుండి పదునొకండు చదరములల్లితిమి. ఆమె చదరముపై మా చదరమును పెట్టి చూచితిమి. ఆమెది ఆఱంగుళములున్నది. మాది అయిదున్నర అంగుళములే యున్నది.

మొదట మా లెక్క తప్పెనేమోనని కుట్లు ఎంచితిమి. తప్పలేదు. భేదమంతయు చేతిలో నున్నది. నూలును ఎడమచేతి వ్రేళ్ళపై ఎంత బిగువుగ నడిపింతుమో, సందులోనుండి పైకి లాగిన కన్నును ఎంత ఎత్తు నిలుపుదుమో, అది ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరు. మా చేయి తొందరచేతి బిగువు. ఆమె నూలును మెల్లగ పైకి తీసి, ఒక క్షణము నిలిపి, పిమ్మట దాటించెడిది. ఆ క్షణము ఒక్కొక్క కుట్టులో వెంట్రుకవాసి ఎత్తుగ మిగిలినది. ఎనిమిది చుట్లు కూడునప్పటికి అది అరయంగుళమైనది. మనిషి పోయినను ఆమె చేతితీరు 52 చోట్ల కొలవదగినట్లు నిలిచియున్నది. రంగుల చదరములైనచో ఈ సంగతి మేమింత స్పష్టముగ చూచియుండము.

విప్పి మరల అల్లుటకు మనస్సొప్పలేదు. కొంచెము లావుపాటి సూదితో అల్లియున్నచో సరిపోయెడిదని తరువాత తెలిసినది. చదరములన్నియు సంచిలో పెట్టి ఉంచితిమి. కొన్ని నెలలకు ఉద్యోగకార్యముపై పశ్చిమగోదావరి జిల్లాలోని నరసాపురమునకు పోవలసివచ్చినది. లేసు పనివారి మాటలను ధ్వనిముద్రణము చేయుట మాకు అప్పగించిన పని. ఆ సంచిని వెంట తీసికొనిపోయితిమి.

వశిష్ఠగోదావరి ఒడ్డున నున్న ఆ పట్టణమునకును, చుట్టుపట్ల గ్రామములకును కొక్కెపుటల్లిక పరాయిది కాదు. 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడి స్త్రీలకు దీనిని నేర్పిరి. స్కాట్లండునుండి వచ్చిన మెక్రే దంపతుల పేరు అచట వాడుకలో నున్నది. దాదాపు అదే కాలమున ఐర్లండులో 1845లో ఆరంభమైన బంగాళాదుంపల కఱవు వేలకొలది కుటుంబములను పీడించినపుడు, అచటి కన్యాశ్రమములును, కొందఱు గృహిణులును ఈ అల్లికనే జీవనోపాధిగ నేర్పియుండిరి. అక్కడ ఒకరు ఆకులను, మఱియొకరు పువ్వులను విడివిడిగ అల్లగా, వేఱొకరు వానిని జాలితో కలిపి లేసుగ తీర్చెడివారు. గోదావరి తీరమునను పని అట్లే విడిపోయినది. పువ్వులను, చదరములను అల్లుట ఒకరి పని. వానిని అతుకుట మఱియొకరి పని. అంచులు వేయుట వేఱొకరి పని. మొదట క్రైస్తవకుటుంబములలో నాటుకొన్న ఈ పని క్రమముగ ఇతర కులముల ఇండ్లకును ప్రాకినది. పొలములకు పోవుట గౌరవము కాదని గడప దాటని వ్యవసాయకుటుంబముల స్త్రీలకు ఇది మఱియు అనుకూలమైనది. ఎక్కువగ తెల్లని నూలు, లేదా గోధుమఛాయ నూలు. అనగా మనము చెప్పుకొనుచున్న ఒకే రంగు పని. బల్లగుడ్డలుగను, పక్కదుప్పట్లుగను అది సముద్రములు దాటి పోయినది.

ఒక గ్రామమున నడివయస్సు ఇల్లాలి యింటి అరుగుపై మేము శబ్దగ్రాహకమును నిలిపితిమి. మగ్గముపై ప్రసంగము చేయునపుడు మగ్గపు చప్పుడు వినిపింపవచ్చును. కమ్మరికొలిమికి సుత్తిదెబ్బ కలదు. కొక్కెపు సూదికి చప్పుడు లేదు. ఎంత దగ్గఱగ పెట్టినను మాకు దొరకినది ఆమె గాజుల సవ్వడి, ప్రక్కయింటి కోడికూత మాత్రమే. సంభాషణ ఆరంభించుటకు, "మీరేమి పని చేయుదురమ్మా?" అని అడిగితిమి. ఆమె సూదిపైనుండి కన్నెత్తకుండ ఇట్లనెను: "పనేమీ లేదండి. ఇంట్లోనే ఉంటానండి. ఖాళీగా కూర్చోలేక ఇదిగో, ఈ పువ్వులల్లుతుంటానండి."

ఆ ఉదయము మేము పోవునప్పటికే ఆమె యొడిలో ఇరువదికి పైగా పువ్వులున్నవి. అంతకుముందు ఆమె నీళ్ళు తోడి, వంట చేసి, పిల్లలను బడికి పంపి యుండెను. ఆమె మాటలో అబద్ధము లేదు. తన పనికి పని అను పేరు ఎవరును పెట్టలేదు గనుక ఆమెయు పెట్టలేదు.

ఆ వీధిలోనే అతుకుపని చేయు ఒక వృద్ధురాలున్నది. ఆమె యెదుట మా సంచి విప్పితిమి. చదరములను ఒక్కొక్కటిగ చేతిలోనికి తీసికొని, కంటికి దగ్గఱగ పెట్టుకొనక, బొటనవ్రేలితో తడిమి రెండు ప్రోగులు పెట్టినది. ఒక ప్రోగు 52, మఱియొకటి 11. ఒక్కటియు తప్పలేదు.

"రెండు చేతులండి ఇవి," అనెను. "ఈవిడెవరో గాని నిదానస్తురాలండి. ఇవి మీయా అమ్మా?"

ఔనంటిమి. విప్పి మరల అల్లవలయునా అని అడిగితిమి.

"ఇప్పకండమ్మా. ఇప్పితే నూలు నలిగిపోద్దండి. చేతికి చెయ్యి కలవదు, అది తప్పు కాదండి. మా కాడికొచ్చే పువ్వులు పదిళ్ళవండి. ఏది ఎవరిదో చూడకుండా చెబుతాను. అన్నీ ఒక్క సైజుకి తేవడమే మా పని. మీ చిన్నాటికి చుట్టూ ఒక వరస పొట్టికుట్టు వెయ్యండి. తడిపి, పెద్దదాని కొలతకి లాగి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టండి. అతికేటప్పుడు కుట్టుకి కుట్టు ఎదురు రావాలండి, లెక్క తప్పకూడదు. ఇంకోటండి, చిన్నాటినన్నిటినీ ఒక్కచోట పెట్టకండి. అక్కడ దుప్పటి ముడుచుకుపోద్ది. పెద్దాటి మధ్యన ఒక్కోటి పడాలి. అప్పుడు పక్కవే పట్టుకుంటాయండి."

మేము విశ్వవిద్యాలయమున చదివినవారము. ఇన్ని వాక్యములలో ఇంత శాస్త్రమును చెప్పిన ఉపన్యాసములు మేము విన్నవి కొలదిగనే యున్నవి. బిగువును కొలుచుట, కొలత కూర్చుట, బలహీనమైనదానిని బలమైనవాని నడుమ నిలుపుట, ఇది నేర్పు కాదా? ఈ నేర్పు తీరికవేళ దానంతట అది వచ్చునా?

ఇక మొదట మేము చెప్పిన సందేహమునకు వత్తము. మరియా మీస్ అను జర్మనుదేశపు సామాజికశాస్త్రవేత్త నరసాపురము ప్రాంతమున లేసు పనివారి స్థితిని పరిశోధించి, 1982లో ఒక గ్రంథము ప్రకటించిరి. ప్రపంచపు బజారుకు సరకు తయారుచేయుచున్న ఈ స్త్రీలను ఇంట కూర్చుండి తీరికవేళ అల్లుకొను గృహిణులుగ భావించుటచేతనే వారికి అతిస్వల్పమైన కూలి ముట్టుచున్నదని ఆమె నిరూపించిరి. సరకు తెచ్చి యిచ్చి, పువ్వులు పోగుచేసికొని పోవు మధ్యవర్తులు వేఱు; ఎగుమతిచేయు వర్తకులు వేఱు. పువ్వునల్లిన ఆమె దుప్పటిని చూడదు. దుప్పటిని కొన్న ఆమె పువ్వునల్లినవారిని చూడదు. నడుమ 'తీరిక' యను ఒక్క మాట కూలిని తగ్గించుచుండును.

పరిస్థితి ఏమియు మారలేదనుట న్యాయము కాదు. నరసాపురము సమీపమున రుస్తుంబాదలో లేసు పార్కు ఏర్పడినది. స్త్రీల సహకారసంఘములు పుట్టినవి. 2024లో నరసాపురపు క్రోషే లేసు ఉత్పత్తులకు భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా ఆ పేరుతో వేఱొకచోటి సరకు నమ్ముటకు చట్టము ఒప్పుకొనదు. ఇది సంతోషింపదగినదే. అయినను ఆ గుర్తింపు ప్రాంతమునకు వచ్చినది. అరుగుపై కూర్చున్న ఇల్లాలు నేటికిని తనకు పని లేదనియే చెప్పుచున్నది. యంత్రపు లేసు చౌకగ వచ్చి ఆమెతో పోటీ పడుచున్నది. యంత్రము సూదులల్లికను చేయును, జాలిని నేయును, దూరమునుండి చూచువారికి కొక్కెపుటల్లికవలె తోచు గుడ్డను గూడ తీయును. బజారులో దొరకు నిజమైన కొక్కెపుటల్లిక మాత్రము చేతిపనియే. ఒక చదరము నిజముగ కొక్కెముతో అల్లినదైనచో, అందలి 432 కుట్లను ఎవరో ఒకరు ఒక్కొక్కటిగ వేసియుండవలసినదే.

కావున శ్రోతలకు మా మనవి రెండు విధములు. కొనువారు ధర యడిగి, "ఇంత చిన్న గుడ్డకు ఇంతయా?" అని బేరమాడుటకు ముందు ఒక చదరమున కుట్లెన్నియో ఎంచి చూడుదురు గాక. ఆఱంగుళముల మేర వ్రేలితో ఎంచుటకే ఎంతసేపు పట్టునో తెలియును. ఇంట నల్లుకొనువారు ఒక్క వారము దినములు గోడకు కాగితము అంటించి, సూది పట్టిన గంటలు వ్రాసి చూడుదురు గాక. వేడుకకొఱకు అల్లుట వేఱు. అది మనస్సునకు మేలుచేయును, దానికి వెల కట్టనక్కఱలేదు. కాని ఆ గంటలు గంటలే యని ఇంటివారికిని, ముందుగ మనకును తెలియవలయును. లెక్కకు రాని పనికి విలువ రాదు.

మా దుప్పటి సంగతి చెప్పి ముగింతుము. వృద్ధురాలు చెప్పినట్లే మా పదునొకండు చదరములకు ఒక్కొక్క వరుస పొట్టికుట్టు వేసి, తడిపి, పాత పరుపుపై గుండుసూదులతో బిగించి, నీడను ఆరబెట్టితిమి. నేలపై 63 చదరములను పఱచి, మావానిని అక్కగారివాని నడుమ ఒక్కొక్కటిగ నుంచితిమి. ఒకటి మాత్రము మొదటి వరుసలో మూలకు వచ్చినది. దానిని లోపలికి జరిపితిమి. కుట్టునకు కుట్టు ఎదురుగ అతికితిమి. ఎక్కడను ముడుచుకొనలేదు.

ఆ బిడ్డకు ఇప్పుడు రెండవయేడు. దుప్పటిని నేలపై ఈడ్చుకొని తిరుగుచున్నది. నూలు గనుక వేడినీళ్ళలో గాక చల్లనినీళ్ళలో ఉదికి, దండెముపై వ్రేలాడవేయక పఱచి ఆరవేయుడని దాని తల్లికి చెప్పితిమి. అన్నియు ఒకే గంధపురంగు. చూచినవారికి ఒకే చేతిపనివలె నుండును. మేము మాత్రము చీకటిలో నైనను తడిమి, ఏవి అక్కగారివో చెప్పగలము.